నిలువు రాయి మీద ఆరు గీతలు

పోర్టో,
జులై 4

అమ్మకు,

నీ దీవెన అడుగుతూ లుడోవీనా రాస్తున్నది. మోకాళ్ళు తప్ప ఇక్కడ నేను క్షేమం. అక్కడ రేగ్వాలో నువ్వూ ఎర్మీనియా పిన్నీ ఎండకు తట్టుకుంటూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

పోయిన ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. సెయింట్ జాన్ పండుగకు కొన్న తులసి బతికే ఉంది. మొన్న పక్కింటావిడ మనవరాలు వచ్చి దానికి నేరుగా ముక్కు ఆనించింది. మొక్కను అరచేత్తో నిమిరి ఆ చెయ్యి వాసన చూడాలని, నువ్వు నాకు నేర్పినట్టే నేర్పాను. ఇంకో వారం ఉంటుందేమో.

రెండోది నా పని. పొద్దున పదింటికి ఊరు చూడవచ్చినవాళ్ళ గుంపు ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఇంకొకటి. ఇరవై మంది జనం, నేను, నా పసుపు గొడుగు. పెద్ద చర్చి మెట్ల దగ్గర మొదలుపెట్టి నది ఒడ్డున వదిలేస్తాను. ఈ ఊరివాళ్ళు ఎక్కడ తింటారని అందరూ అడుగుతారు. ఇంట్లో అంటాను. జోకు వేశాననుకుని నవ్వుతారు. కొత్త గైడ్లు నా గుంపు వెనక నిలబడి నా కథలు విని, మర్నాటికి ఉప్పూకారం చేర్చి వాళ్ళ గుంపులకు చెబుతున్నారు. వరదల్లో మన సందువాళ్ళు పడవను మూడో అంతస్తు కిటికీకి కట్టారని నిన్న ఒకడు చెబుతుంటే విన్నాను. నేను చెప్పింది రెండో అంతస్తే.

మూడోది మన పాత ఇంటి గుమ్మం. బాగానే ఉందని ఒక్క ముక్కలో తేల్చేద్దామనుకున్నాను. కానీ బుధవారం ఒకావిడ కాగితం పట్టుకుని నీ దగ్గరికి వస్తుంది. ఇంక దాచి లాభం లేదు.

ఇల్లు ఇప్పుడు వాల్దెమార్ అనే అతనిది. మనిషి చెడ్డవాడేం కాదు. కింద అద్దాల తలుపుతో కాఫీ కొట్టు పెట్టాలని అతని ఆశ. దానికి గుమ్మం వెడల్పు చేయాలి, ఎడమ పక్క నిలువు రాయి తీసేయాలి. ఫిబ్రవరిలో గుంపుతో అటు వెళ్ళేసరికి పనివాడు ఆ రాయికి సుద్దతో గుర్తు పెడుతున్నాడు. దాన్ని ముక్కలు చేయకుండా బయటికి తీయలేమన్నాడు.

ఆ రాయి మీద ఏముందో నీకు చెప్పక్కర్లేదు. నాన్న ఉలితో చెక్కిన ఆరు గీతలు, వాటి పక్కన సంవత్సరాలు. ప్రతి పుట్టినరోజుకూ టోమెను ఆ రాతికి ఆనించి నిలబెట్టేవాడు. మిగతా నాన్నలు పెన్సిలుతో గీసేవారు, మన నాన్న రాతిపనివాడాయె. వాడు మునివేళ్ళ మీద లేస్తాడని నువ్వు తల మీద చెయ్యి అదిమి పట్టేదానివి. మొదటి గీత 1973ది, చివరిది 1978ది. ఆ చలికాలం జ్వరం తర్వాత గీయడానికి వాడు లేడు.

మన ఒడ్డున గోడ మీద గీతా, పక్కన సంవత్సరమూ కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఇవి వరద గుర్తులా అని ఆ పనివాడు అడిగాడు. అవునన్నాను. పిల్లవాడి ఎత్తు గీతలంటే ఎవరు ఆగుతారు? వరద గుర్తున్న రాయిని తీయాలంటే నగర కార్యాలయం అనుమతి ఇవ్వాలి. పని ఆగిపోయింది.

ఇక ఆ అబద్ధాన్ని నేనే మేపాల్సి వచ్చింది. రోజూ గుంపును అక్కడ ఆపి, నది ఏడాదికి నాలుగు వేళ్ళ చొప్పున పైకెక్కిందని చెబుతున్నాను. ఆ తర్వాత ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే ఎగువన ఆనకట్ట కట్టారంటాను. గొంతు కూడా తడబడదు. అందుకే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన వారం గుంపులో బ్రాగా నుంచి వచ్చిన ముసలి వడ్రంగి ఒకాయన ఉన్నాడు. అందరూ ముందుకు కదిలినా ఆయన కదల్లేదు.

"ఇంత బుద్ధిగా ఏడాదికి నాలుగు వేళ్ళు పెరిగే నదిని నేనెక్కడా చూళ్ళేదమ్మా. ఎవరి పిల్లాడు?" అన్నాడు.

"మా తమ్ముడండీ."

ఆయన టోపీ తీసి, గీతల ముందు తల వంచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనెవరికీ చెప్పన్లే. పద," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఎండ లేకపోయినా గొడుగు తెరిచి, ముఖం కనబడకుండా ముందు నడిచాను.

ఇప్పుడు అసలు సంగతి. నగర కార్యాలయం ఇంజనీరమ్మ పాత పుస్తకాలన్నీ తిరగేసింది. వరసగా ఆరేళ్ళు వరద వచ్చినట్టు ఎక్కడా లేదట. అయినా పుస్తకాలకెక్కని నీళ్ళు కూడా ఉంటాయంది. అప్పట్లో ఆ సందులో కాపురమున్నవాళ్ళు ఒక్కరు అవి వరద గీతలేనని సంతకం పెడితే రాయి ఉంటుంది. లేకపోతే వాల్దెమార్‌కు అనుమతి ఇచ్చేస్తుంది. అప్పటివాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. ఆవిడ బుధవారం పదకొండు గంటల రైలుకు అక్కడ దిగుతుంది.

సంతకం పెట్టమని నేను అడగను. నీ నోట నేనెప్పుడూ అబద్ధం వినలేదు. వాడి పేరు ఎత్తవద్దని నువ్వన్న రోజు నుంచి ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. నేను మాత్రం రోజుకు రెండుసార్లు వాడి ముందు నిలబడి వాణ్ణి నది అంటున్నాను. నన్ను క్షమించు. నిజం చెప్పాలనిపిస్తే చెప్పెయ్యి, నేనేమీ అనుకోను.

ఆవిడ నిన్ను ముఖ్యంగా ఒకటే అడుగుతుంది, చివరి ఏడాది నది ఎంత ఎత్తుకు వచ్చిందని. నువ్వు మాట్లాడనక్కర్లేదు. చెయ్యి చాచి చూపించు చాలు. ఆ ఎత్తు నీ అరచేతికి తెలుసు.

ఇట్లు,
నీ కూతురు, టోమె అక్క
లుడోవీనా