బిగ్లర్ గారి చెల్లని దెబ్బ

కోల్డ్ ఫోర్క్, మిన్నెసోటా
1976 మే 3

టెలివిజన్ కంపెనీ పెద్దలకు వెర్నా టోలెఫ్సన్ నమస్కరించి రాసేది.

మొన్న మీ ‘బిగ్లర్ల ఇల్లు’ హాస్య నాటికలో బేస్‌బాల్ ఆట వేశారు. ఆఖరి వంతులో పళ్ళ డాక్టరు బిగ్లర్ కొట్టిన దెబ్బకి వీధి వీధంతా గంతులేసింది. నేను వెయ్యలేదు. ఆయన బ్యాటు పట్టేసరికే ఆ జట్టులో ముగ్గురు ఔటయ్యారు. మూడు ఔట్లయితే వంతు అయిపోయినట్టే. ఆ దెబ్బ చెల్లదు, ఆ గెలుపూ చెల్లదు.

నలభై ఒక్క ఏళ్ళుగా మా ఊరి జట్టుకి స్కోరు పుస్తకం రాస్తున్నదాన్ని. టీవీలో ఆట వచ్చినా చెయ్యి పెన్సిల్ మీదికే పోతుంది. తప్పు ఒప్పుకుంటూ రెండు ముక్కలు రాయండి.

ఇట్లు, జవాబు కోసం కూర్చున్న
వెర్నా టోలెఫ్సన్

తా.క.: డాక్టరు బ్యాటు పట్టుకున్న తీరు చూశాక ఆయన చేత పన్ను మాత్రం పీకించుకోను.

లాస్ ఏంజెలస్
మే 8

ప్రియమైన ప్రేక్షకురాలికి,

మా కార్యక్రమం మీకు అంతగా నచ్చినందుకు మురిసిపోయాం. బిగ్లర్ గారు స్వయంగా సంతకం చేసిన ఫోటో జతచేస్తున్నాం.

మీ అభిమానానికి కృతజ్ఞతలతో,
లోరేన్ పాస్కల్
ప్రేక్షకుల ఉత్తరాల విభాగం

తా.క.: ఫోటోని ఎండలో పెట్టకండి.

కోల్డ్ ఫోర్క్
మే 12

లోరేన్ అమ్మాయికి,

నాకు ఫోటో ఎందుకమ్మా? నేనడిగింది ఔట్ల సంగతి. చర్చి అయ్యాక కాఫీల దగ్గర ఈ మాట అన్నానో లేదో, మా జట్టు క్లబ్బు పెద్ద ఆర్విల్ స్టెన్‌రూడ్ ఒకటే నవ్వు. “అంతమంది కూర్చుని తీస్తే తప్పు తీస్తారా వెర్నా? నీ కళ్ళే మందగించాయి. ఇక ఆ పుస్తకం మా అల్లుడికిచ్చెయ్” అన్నాడు. వచ్చే వారం శుక్రవారం మీటింగులో తేలుస్తారట. ఆ అల్లుడు ఆట మధ్యలో వేరుశనగలు నములుతూ “ఏమైంది, ఏమైంది” అని పక్కవాణ్ణి అడిగే రకం.

మా ఆయన పోయిన ఏడు కూడా నేను ఒక్క ఆట వదల్లేదు. ఆ పుస్తకం పోతే నాకింక వేసవి లేదు. ఆ ఆట మళ్ళీ వేసి చూసి, తేలింది ఆర్విల్‌కే రాయి తల్లీ.

ఇట్లు, నీ మీదే ఆశపెట్టుకున్న
వెర్నా

తా.క.: ఫోటో కోళ్ళ గూట్లో తగిలించాను. గుడ్లు తగ్గాయి.

లాస్ ఏంజెలస్
మే 17

టోలెఫ్సన్ గారికి,

నేను, ఇద్దరు రచయితలు, మేకప్ ఆవిడ కూర్చుని మొత్తం మళ్ళీ చూశాం. చెప్పడానికి నోరు రావడం లేదు. బిగ్లర్ గారికి ముందు ఔటైంది ముగ్గురు కాదు, నలుగురు! మీరు ఒకరిని వదిలేశారు.

ఆ వంతు మొదట్లోనే బిగ్లర్ గారి అత్తగారు మూడుసార్లు బ్యాటు ఊపి మూడుసార్లూ గాలినే కొట్టింది. మూడు తప్పితే ఔటేగా! మూడో బంతి వెనకున్న క్యాచర్ చేతుల్లోంచి జారి కాళ్ళ సందులోంచి దొర్లిపోయింది. అత్తగారు గౌను ఎత్తిపట్టుకుని మొదటి బేస్ దిండు మీద కాలు పెట్టేదాకా పరుగో పరుగు. ఆ నవ్వుల్లో పడి మీరు ఔట్ సంగతి మర్చిపోయి ఉంటారు.

ఇదే ఉత్తరం నకలు ఆర్విల్ గారికీ పంపాం.

మీ మేలు కోరే,
లోరేన్

తా.క.: కళ్ళద్దాలు మార్చుకోమని మేకప్ ఆవిడ చెప్పమన్నారు.

కోల్డ్ ఫోర్క్
మే 22

బంగారు తల్లి లోరేన్‌కి,

నిన్న మీటింగులో ఆర్విల్ లేచి నీ ఉత్తరం గొంతు పెంచి చదివాడు. ‘నలుగురు!’ అన్నచోట ఆగి అందరి మొహాలూ చూశాడు. నలభై ఒక్క ఏళ్ళ రాత ఇక్కడితో సరి అనుకున్నాను.

తర్వాత బంతి జారిన చోటికి వచ్చాడు. గొంతు తగ్గింది. అత్తగారు బేస్ చేరిన చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు: “మూడో బంతి పట్టుకోలేక జారవిడిచి, ఈలోగా ఆవిడ బేస్ చేరితే అది ఔటెలా అవుతుందయ్యా? మా మనవరాలికి కూడా తెలుసు!” నేను పుస్తకం తెరిచి, ఆ రోజు టీవీ చూస్తూ రాసుకున్న పుట చూపించాను. అత్తగారు, బంతి జారింది, బేస్ చేరింది. ఔట్లు మూడే.

జనం బల్లలు చరిచారు. ఆర్విల్ టోపీ తీసి, “నువ్వున్నంతకాలం ఆ పుస్తకం నీదే వెర్నా” అన్నాడు. నన్ను ముంచబోయి నువ్వే గట్టెక్కించావు తల్లీ. మీరు నలుగురు కూర్చుని పట్టుకోలేనిది నేను ఒక్కసారి చూసి పట్టాను. గర్వంగా ఉందా అంటే, ఉంది మరి!

ఇట్లు, కోల్డ్ ఫోర్క్ జట్టు స్కోరు రాసే
వెర్నా టోలెఫ్సన్

తా.క.: మా జట్టులో పరుగెత్తేవాళ్ళు తక్కువ. ఆ అత్తగారు ఈ వేసవిలో ఖాళీయేనా అని ఆర్విల్ కనుక్కోమన్నాడు.