సీసా మీద ఎద్దు బొమ్మ

స్టాన్లీ,

దీనాని తీసుకుని కోటపాడు మా అమ్మగారింటికి వెళుతున్నాను. రేపు సాయంత్రం బస్సుకి వస్తాను. గేదెకి కుడితి పెట్టు. జిమ్ముకని తెల్లసొనలు నువ్వు తినేసి మాకు వదిలిన పచ్చసొనలు గిన్నెలో ఉన్నాయి. వాటితో కూర వండి వండి నాకు విసుగొచ్చింది, ఈ పూట నువ్వూ మీ అన్నయ్యా ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఫ్రిజ్‌లో గుడ్ల వెనక దాచిన ఇంజెక్షన్ సీసా కోసం వెతక్కు. దాని మీద ఎద్దు బొమ్మ చూసి, మేత మానేసిన మన గేదెకి మందు తెచ్చావనుకున్నాను. ఎంత మంచి మరిదో అని మురిసిపోయి, పశువుల డాక్టరుగారొస్తే ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒకటే నవ్వు. "గేదె జబ్బుకి కాదమ్మా ఇది. జిమ్ము కుర్రాళ్లు పొడిపించుకుంటన్నారు. కండలొత్తాయి, కోపమూ వత్తాది, గుండె పాడైపోతాది" అన్నారు. మొన్న అన్నం చల్లారిందని నువ్వు కంచం విసిరేస్తే, ఎండల వల్ల కాబోలు అనుకున్నాను.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. సోమవారం నాతో మనుషుల డాక్టరు దగ్గరికొస్తే చెప్పను. ఆ కండల పోటీలో కప్పు రాకపోతే పోయింది, మనింట్లో పెట్టే చోటు కూడా లేదు.

వదిన

మరిచాను. ఇదివరకు నీ బండి చప్పుడు వింటే దీనా గేటుకి పరిగెత్తేది. ఇప్పుడు వంటింట్లో నా వెనక నక్కి, "బాబాయి ఎలిపోయేడా?" అని అడుగుతోంది.