కొలిమి అరుగు

అక్కా,

నువ్వు పెళ్లై ఆ అడుగు సొరంగానికి దిగిపోయాక నీకింత పెద్ద ఉత్తరం రాయడం ఇదే మొదలు. నువ్వూ బావగారూ కులాసాయే అనుకుంటాను.

నాన్న పోయాక కొలిమి నేనే నడుపుతున్నాను కదా. ఇవాళ తిత్తి ఊదుతుంటే ఎందుకో మన చిన్నతనం కళ్లముందు మెదిలింది. పైన నేల మీది పొడుగువాళ్లకి పొద్దు పొడిస్తే తెల్లారుతుందట. మన మరుగుజ్జులకి పొద్దెక్కడిది? నాన్న నిప్పు రాజేస్తేనే వీధికి తెల్లవారేది. ఆ వెలుగు రాతిగోడల మీద పాకగానే తలుపులు తెరుచుకునేవి. ఆడవాళ్లు బిందెలు తెచ్చి కొలిమి వెనక పెట్టి నీళ్లు కాచుకునేవాళ్లు. ముసలాళ్లు అరుగు మీద మోకాళ్లు కాచుకుంటూ, గడ్డాలు అల్లుకుంటూ సంబంధాలు కుదిర్చేవాళ్లు. మాటల్లేని తోడికోడళ్లు కూడా వెచ్చదనం కోసం పక్కపక్కనే కూర్చోక తప్పేది కాదు. కూర్చున్నాక నోరు ఊరుకుంటుందా! మనిద్దరం ఆ సందడిలోనే ఆడుకుని ఆడుకుని, మసి మొహాలతో అక్కడే నిద్రపోయేవాళ్లం.

ఇక అసలు సంగతి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా చెవులు పోతున్నాయక్కా. మనుషుల మాటలు పెదాలు చూసి పోల్చుకుంటున్నాను. ఇనుముకి పెదాలుండవు కదా. చల్లారాక సుత్తితో తట్టి, మోత వింటేనే లోపలి పగులు తెలిసేది. పోయిన వారం పక్కింటి కోడలికి ఊయల గొలుసు చేసిచ్చాను. ఆ పిల్ల దాన్ని తగిలించబోతూ, మోత బొంగురుగా ఉందని వెనక్కి తెచ్చింది. "ఇంకోసారి చూడు వదినా" అంది, నా మొహంలోకి చూడకుండా. పసిబిడ్డ పడుకునే ఊయల అక్కా!

కొలిమి ఆర్పేద్దామనుకుంటున్నాను. ఆర్పితే ఈ వీధి చలికి నిలవలేక తలో సొరంగానికి చెదిరిపోతుందని తెలుసు. అయినా ఎవరి ప్రాణం మీదికో తెచ్చేకన్నా అదే నయం. నాన్న కూతుర్ననిపించుకోలేకపోయాను.

నీ చెల్లి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను. కోప్పడకు. నాన్నకి చెవులెక్కడివే? నువ్వు నడక నేర్వకముందే పూర్తిగా పోయాయి, నీలాగే పెదాలు చూసి నెట్టుకొచ్చాడు. అమ్మ గింజలు ఏరుకుంటూ కొలిమి దగ్గర కూర్చునేది చలికి కాదు. నాన్న తట్టేవాడు, అమ్మ వినేది. బాగుంటే ఏరుతూనే ఉండేది. పగులుంటే చేట కింద పెట్టేది. అంతే, నాన్న దాన్ని మళ్లీ మంటలో వేసేవాడు. అమ్మ పోయాక ఆ చోట్లో నేను కూర్చున్నాను. వచ్చిన సంబంధమల్లా తిప్పికొడుతున్నానని నువ్వు వెక్కిరించేదానివి, గుర్తుందా? సుత్తి నీ చేతికి వచ్చాకే నేను పెళ్లికి ఒప్పుకున్నాను.

నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. చెవిటి కమ్మరి అంటే వీధి నమ్మదని ఆయన భయం. పాపం, ఆ భయంతోనే బతుకంతా గడిపాడు. నువ్వు అలా గడపకు. అందరూ చేరినప్పుడు చెప్పెయ్. అప్పటికీ ఆర్పాలనిపిస్తే ఆర్పు, నేనేమీ అనను.

అక్క

అక్కా,

చెప్పేశాను. నిప్పు రాజేసి, అందరూ వచ్చాక, సుత్తి కింద పెట్టి చెప్పాను. నాన్న సంగతి కూడా. అప్పుడు మన సణుగుడు తాత లేచాడు.

"నీకు చెవుల్లేకపోతే మాకు లేవుటే? తట్టు, వింటాం!"

"నేను పిలిస్తేనే వినపడదు ఈయనకి, ఇనుము వింటాడట" అని అవ్వ తగులుకుంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

కొలిమి ఆర్పలేదక్కా. కాకపోతే నాన్నకి అమ్మ ఒక్కతే చాలింది, నాకు వీధి వీధంతా కూర్చున్నా ఏదీ తేలడం లేదు. తాత పగులుందంటాడు, అవ్వ లేదంటుంది, చెరో పక్కా పదిమంది చేరతారు. నిన్న విసుగొచ్చి ఒక కొడవలిని మూడుసార్లు కాల్చాను. వాళ్లందరి నోళ్లూ ఒక్కసారే ఆడుతుంటే చూసి, చెవులు పోయినందుకు మొదటిసారి హాయిగా అనిపించింది.

నీ చెవిటి చెల్లి