రెండు తులసి మొక్కలు, ఒక నల్లదారం

ఆర్మూరు
11-3-1962

అమ్మా, కార్డుకు పసుపు అంటిందని శుభవార్త అనుకోకు. నీ అల్లుడు పసుపు మార్కెట్లో తూకం వేసి వస్తాడు కదా, ఇంట్లో చెంబు నుంచి దిండు దాకా పసుపే. అందరం క్షేమం. పిల్లవాడికి మాత్రం దగ్గు పట్టింది, జ్వరం లేదు.

నువ్వు పంపిన రెండు మొక్కలూ పాత కుండల్లో బతికాయి. నల్లదారం కట్టింది దగ్గుకు, దారం లేనిది దోమల పొగకు అన్నావు. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి మా అత్త ఆ దారం విప్పి పిల్లవాడి కాలికి కట్టింది. "మీ అవ్వ దిష్టి దారం పంపింది గదనే" అంటుంది. దారం ఏ మొక్కదో ఆమెకూ గుర్తు లేదు, నాకూ లేదు, రెండూ తులసిలాగే ఉన్నాయి. ఆకు నలిపి చూస్తే నా ముక్కుకు పసుపు వాసనే. పక్కింటి పోచవ్వ "గోడ కాడిదే దగ్గుకు, ఫికర్ చెయ్యకు" అంటుంది. ఎదురింటి భాగ్యవ్వ "గా గోడ కాడిది దోమల మందు, పోరనికి పొయ్యకు" అంటుంది. ఏదీ ఇవ్వలేదు, వేడినీళ్లే తాగిస్తున్నాను.

రసం ఎన్ని చుక్కలు? తేనెలోనా, ఉత్తదేనా? మొక్కకు రోజూ నీళ్లు పోయాలా? బర్రె ఈనిందా? నాన్నకు, వదినకు దండాలు చెప్పు.

అన్న ఇది చదివాక కార్డు నీ చేతిలోకి తీసుకో. కింద ఎడమ మూలకు గోడ కాడి ఆకు, కుడి మూలకు గడప కాడి రెండోదాని ఆకు రుద్దాను. వాసన చూసి జవాబు రాయించు. రెండు మూలలూ పసుపు వాసనే కొడితే జవాబు వద్దు, నువ్వే బస్సెక్కు.

నీ బిడ్డ
నర్సవ్వ