పాట ఆగిన చోటు

ట్బిలిసీ,
ఏప్రిల్ 29, మంగళవారం.

ఏడు మట్టి బానలకూ, నాలుగు వందల ద్రాక్ష తీగలకూ, మాట వినని ఒక గాడిదకూ ఏకైక ప్రభువైన నోదార్ అన్నయ్య సమక్షానికి, తమ్ముడు బాచో టోపీ తీసి, నడుము వంచి విన్నవించుకునేది.

ఇక్కడ నేను ప్రాణాలతో ఉన్నాను. అక్కడ నువ్వూ, ఎతేరి వదినా, లిలె పాపా కూడా అలాగే ఉన్నారనీ, శనివారం దాటాక కూడా అలాగే ఉంటారనీ ఆశిస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిట్రా, చదువు ముదిరి మతి పోయిందా అంటావు. ఫోనులో నువ్వు నన్ను మూడో మాట దాకా పోనివ్వవు. కాగితమైతే నోరు మూసుకుని వింటుంది. తత్వశాస్త్రంలో నాలుగేళ్ళు చదివి నేను కనిపెట్టిన సత్యం ఇదొక్కటే. ఫీజు కట్టినవాడివి కాబట్టి నీకు ఉచితంగా చెబుతున్నాను.

సంగతికొస్తాను. శనివారం నువ్వు నేలలో పాతిన పెద్ద బాన మూత తీస్తున్నావని నిన్న వదిన చెప్పింది. వైన్ తోడేశాక అడుగున పిప్పి ఎత్తి గోడలు తోమడానికి నువ్వే దిగుతావట. తాడు పట్టుకుంటామని ఊళ్ళో ముగ్గురు వస్తే, మీరెవరూ అక్కర్లేదు, నా తమ్ముడు వస్తున్నాడు, వాడి చెవి నా పాట మీద ఉన్నంతసేపు చావు కూడా బాన అంచు మీదే కూర్చుని ఆవులిస్తుంది అన్నావట. ఈ మాట వదిన ఎంతో గర్వంగా చెప్పింది. ఫోను పెట్టేశాక ఈ కాగితం తెచ్చుకున్నాను.

నా చేతులకు ఒక జబ్బు వచ్చిందన్నయ్యా. తాడు చూస్తే చాలు, చెమటలు పడతాయి. పక్కింటావిడ బట్టలారేసే తాడు చూసినా అంతే. ఏ పుస్తకంలోనూ ఈ జబ్బుకి పేరు దొరకలేదు. ఇలాంటి చేతులకి నీ ప్రాణం అప్పజెప్పడం వైద్యశాస్త్రానికీ ధర్మానికీ విరుద్ధమని నా వినమ్ర అభిప్రాయం.

నవ్వుతున్నావు కదా. నవ్వు. ఈలోగా వ్యాపార నివేదిక సమర్పిస్తాను.

నువ్విచ్చిన పన్నెండు సీసాలు సంచీలో వేసుకుని వారం రోజులుగా ఈ ఊరి వైన్ బార్లన్నీ ఎక్కి దిగుతున్నాను. ఎక్కేది తక్కువ, దిగేదే ఎక్కువ. ఇక్కడ మంచి బార్లన్నీ నేల కిందే ఉంటాయి కదా. మొదటిది సొలొలాకి పేటలో, ఏడు మెట్ల కింద. యజమాని పేరు గెలా. గడ్డంలో పిచ్చుక గూడు పెట్టినా తెలియదు. నీ వైన్ గ్లాసులో పోసి, దీపానికి అడ్డం పెట్టి ఆ ముదురు తేనె రంగు చూసి, కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. ఎండు ఆప్రికాట్, పచ్చి అక్రోటు తొక్క, తేనె మైనం, వాన ముందు మట్టి, అని జపం చేశాడు. అడుగున మా అన్న చెప్పులు కూడా ఉండాలి, సరిగ్గా చూడండి అన్నాను. అతను నవ్వలేదు. రుచికి వంక లేదు తమ్ముడూ, కథేమిటి, కథ లేకపోతే ఈ వీధిలో వైన్ ఎవడూ ముట్టడు, నిమ్మరసం తాగి ఇంటికి పోతారు అన్నాడు.

అప్పుడు చెప్పాను. నువ్వు ప్రతి విందులో నిలబడి, కొమ్ముపాత్ర ఎత్తి, అందరి చేతా గ్లాసులు దింపించి చెప్పే కథే. పోయినేడు ఇదే బాన. కొవ్వొత్తి దించి చూస్తే వెలుగుతూనే ఉంది, అంటే లోపలి గాలి మంచిదే. చెర్రీ బెరడు కుంచె తీసుకుని నువ్వు దిగావు. తాతల నాటి పద్ధతిలో పుంజు పాట ఎత్తుకున్నావు. లోపలివాడు పాడుతుంటే ఊపిరి ఉన్నట్టు, పాట ఆగితే పైవాడు తాడు లాగాలి. అడుగున పిప్పిని కదిపేసరికి దాని కింద పొంచి ఉన్న చెడ్డ గాలి లేచింది. పాట ఆగింది. తమ్ముడు లాగాడు.

గెలా కళ్ళు తుడుచుకుని నాలుగు సీసాలు తీసుకున్నాడు. మర్నాడు అటు వెళితే గుమ్మం పక్క నల్లబల్ల మీద సుద్దముక్కతో ఇంతేసి అక్షరాలు: తమ్ముడు అన్నను చావు నోట్లోంచి లాగిన బాన. లోపల ఒక ముసలాయన లేచి వచ్చి, ఈ చెయ్యేనా అని నా కుడి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళేదాకా బయటికి తీయలేదు. తాళం కూడా ఎడమ చేత్తోనే తీశాను.

రెండోది నది ఒడ్డున. ఇర్మా అని పెద్దావిడది. ఆవిడ బారు మధ్యలో నేలలో పాత క్వెవ్రి, మన బానలాంటిదే, ఉంది, దాని నోటి మీద గాజుపలక. జనం దాని మీద నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నీ వైన్ కథ అప్పటికే ఆవిడ చెవిన పడింది. రావయ్యా మహానుభావా అని నన్ను బల్లల మధ్యకి లాగి, గాజుపలక జరిపించి, చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించడానికని గొలుసు కట్టిన కొవ్వొత్తిని లోపలికి దించింది. దీపం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకి అది ఆట. నాకు ఆ చీకట్లో అడుగున నీ నడినెత్తి కనిపించింది. నీకు జుట్టు పలచబడిన చోటుతో సహా. పిలిస్తే తల ఎత్తడం లేదు.

ఎవరో, ఇంతకీ పాట ఎక్కడ ఆగింది అని అడిగారు. ప్రతి విందులో చివర నువ్వు అడిగే ప్రశ్నే. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను: ఐదో చరణం, పుంజు పూజారిగారి కుండలో పడ్డచోట. నువ్వు నవ్వినట్టే వాళ్ళూ నవ్వారు. నేను బయటికి వచ్చేశాను. సగం మెట్ల మీద కూర్చుండిపోయాను. పైకెళ్ళేవాళ్ళు తాగుబోతనుకుని పక్కనుంచి పోయారు. అవునని ఒక నమస్కారం పెట్టాను. పరువు దక్కింది.

మూడోది వెరా గుట్ట మీద, నాలుగే బల్లలు. అక్కడ గ్లాసులు తుడుస్తున్న పిల్ల తల ఎత్తితే, మన పక్కింటి ఒమారి బాబాయి కూతురు తమ్తా. సంచీతో సహా వెనక్కి తిరిగాను. ఏమయ్యా వీరుడా, ఊరి వైన్ ఊరి పిల్లకి చూపించకుండానే పారిపోతున్నావా అంది. కూర్చున్నాను. ఒక గుక్క తాగి, మీ అన్న చేతిలో దేవుడున్నాడు, నోట్లో మాత్రం దయ్యముంది, మా నాన్నని దొంగ అన్నాడు అంది. ఇద్దరినీ పోషిస్తున్నాడు పాపం, ఖర్చెక్కువ అన్నాను. నవ్వలేదు.

మళ్ళీ గ్లాసు తీసుకుని తుడుస్తూ కూనిరాగం తీసింది. పుంజు పాట. మొదటి చరణం, పుంజు గూట్లోంచి దిగింది. రెండోది, వేరే ఊళ్ళలోలా చెట్టు కాదు, ద్రాక్ష పందిరి ఎక్కింది, మనూరి వరసే. మూడో చరణం, పుంజు ఎగిరి కంచె మీద వాలింది, ఇటు చూసింది, అటు...

అక్కడ ఆపేసింది. మాట మధ్యలో. గుడ్డ ఆగింది, గ్లాసు ఆగింది. నా మొహంలోకి చూస్తూ ఉంది. బారులో ఇంకెవరూ లేరు. ఇక్కడే కదా ఆగింది అంది. ఐదో చరణం అన్నాను. అలాగా అని గ్లాసు అలమరలో పెట్టి, ఏదీ, చేతులు చూపించు అంది. చూపించాను. ఎంత మెత్తగా ఉన్నాయో, చదువుకున్న చేతులు, మా నాన్న పిడికిలి ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు అంది. తర్వాత మిగిలిన సీసాలన్నీ తనే తీసుకుంది. కథ అడగలేదు.

అన్నయ్యా, ఇక మనవి. శనివారం తాడు ఒమారి బాబాయికి ఇయ్యి.

ఏమంటావో తెలుసు. పోయినేడు నువ్వు కళ్ళు తెరిచేసరికి మొదట కనిపించింది ఆయన మొహం. రెండోది, లిలె పుట్టిన రోజున పాప పెళ్ళికని మట్టి మెత్తి మూసిన చిన్న బాన, దాని ముద్ర పగిలిపోయి. నా మరనిలో, నా బానల కొట్టంలో, నీకేం పని అని అడిగావు. ఆయన జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ వైన్ పులిసి వెనిగరైంది. మాట్లాడనివాడు దొంగే అన్నావు, రెండు ఇళ్ళ మధ్య దారికి ముళ్ళకంప కొట్టించావు. లిలె ఆ కంప సందులోంచే బాబాయికి చెర్రీ పళ్ళు అందిస్తోందని నీకు తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో, దాన్ని కొట్టకు.

కారణం అడక్కు. నన్ను పిరికివాడనుకో, అది అబద్ధం కాదు. నేను ఆ అంచు దగ్గర నిలబడలేను. రాత్రుళ్ళు మంచం మీద పడుకుని, కింది అంతస్తులో ఎవరైనా రేడియో కట్టేస్తే లేచి కూర్చుంటున్నాను. పాట ఆగింది కదా అని. ఒమారి బాబాయి ఒప్పుకోకపోతే, ఆయన్ని పిలవడానికి నీ మనసు ఒప్పుకోకపోతే, ఈ ఏడు ఆ బానను కడగకు. నీళ్ళు పోసి వదిలెయ్యి. పాచి పట్టనియ్యి. ఆ బాన లేకపోయినా ఆరు ఉన్నాయి. నాకు అన్నలు ఆరుగురు లేరు.

వదినకి నమస్కారాలు. పాపకి ముద్దులు. గాడిదకి నా తరఫున ఒక్కటి తగిలించు.

నీ ఖర్చుతో జ్ఞాని అయిన,
బాచో.

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను. కారణం అడక్కు అని రాశాను కదా, అది కొట్టెయ్యి.

నేను లాగలేదన్నయ్యా.

నువ్వు దిగి మొదటి చరణం అందుకోగానే నా ఫోను మోగింది. ట్బిలిసీ నుంచి, ఏదో బారువాళ్ళు. మరనిలో సరిగ్గా వినిపించదు. తాడు స్తంభానికి కట్టి, రెండే నిమిషాలనుకుని పెరట్లోకి వెళ్ళాను. ఎగుమతుల విభాగం అధిపతిని మాట్లాడుతున్నాను అని గొంతు బొంగురు చేశాను. అవతలివాడు పగలబడి నవ్వాడు. అతను నవ్వేకొద్దీ నాకు ఇంకా మాటలొచ్చాయి. పదకొండు నిమిషాలు. ఫోనులో ఆ లెక్క ఇంకా ఉంది, చెరపలేదు.

తిరిగొచ్చేసరికి నువ్వు నేల మీద ఉన్నావు, పెదవులు ద్రాక్షతొక్క రంగులో. ఒమారి బాబాయి నీ నోట్లోకి ఊపిరి ఊదుతున్నాడు. ఆయన అరచేతులు రెండూ తాడు ఒరిసి చీరుకుపోయి ఉన్నాయి. తన తోటలో తీగలు కట్టుకుంటూ నీ పాట వింటున్నాడట. ఆగితే, బాచో లాగుతాడులే అని ఒక్క క్షణం ఆగాడట. ఆ క్షణానికి ఆయన ఇప్పటికీ తననే తిట్టుకుంటున్నాడు. కంచె దూకి పరిగెత్తి వచ్చాడు. చిన్న బాన మీది ముద్ర ఆయన కాలి కింద పగిలింది. నన్ను చూసి ఒక్కటే అన్నాడు: తల పట్టుకోరా. పట్టుకున్నాను. నీ ప్రశ్న విని బాబాయి వెళ్ళిపోయాక, వదిన పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నీ తల నా ఒళ్ళో ఉంది, తాడు నా పక్కన ఉంది. నా మరిది లాగాడు, నా మరిది లాగాడు అని ఏడ్చింది. నేను కాదనలేదు. నేను చేసిందల్లా అదే, కాదనకపోవడం. అదే రోజూ చేస్తూ వచ్చాను.

నీ నోటితోనే చెప్పు, నేను చెబితే పగతో అన్నాననుకుంటాడు, అని బాబాయి నాతో అన్నాడు. ఏడాదిగా ఎదురు చూస్తున్నాడు. కంప అవతల నుంచి.

ఇది మనూరికి వచ్చే గోగిటా వ్యానులో పంపుతున్నాను, వదిన చేతికే ఇవ్వమన్నాను. శుక్రవారం నేనూ వస్తున్నాను. నా ముక్కు పగలగొడతావో ఏమో, నీ ఇష్టం. శనివారం తాడు మాత్రం ఆయన చేతిలో ఉండాలి. నేను పక్కన కూర్చుంటాను, ఫోను వదిన దగ్గర పెట్టి. రానివ్వకపోతే గుమ్మంలో కూర్చుంటాను.

ఇక పాట ఎక్కడ ఆగిందని విందులో నన్ను అడక్కు. నేను వినలేదు. పుంజు కంచె మీద వాలి, ఇటు చూసి, అటు చూసేచోట ఆగిందట. విన్నవాడు కంచెకి అటువైపు ఉన్నాడు.