ఓదెమ్మ పెట్టెలోని చీర

కనేరి,
ఆదివారం.

సంఘం అధ్యక్షులు ఆగయ్య గారికి నమస్కారం.

ఓదెమ్మను సంఘం గదిలోంచి ఖాళీ చేయించాలన్న తీర్మానం అందింది. నేను సంతకం పెట్టడం లేదు. కారణం రాస్తున్నాను.

ఆమె కొడుకు భూపతి ముగ్గురు ఆడవాళ్లను చంపాడు. వాళ్లలో రెండో మనిషి నా భార్య కళ. అతని పెంపకం ఎలాంటిదని పేపరువాళ్లు నన్ను అడుగుతున్నారు. తల్లికి అన్నీ తెలుసని మీ తీర్మానం అంటోంది.

పోస్టుమార్టం అయి కళను ఇంటికి తెచ్చిన రోజు ఆమె అన్నలు జగిత్యాల నుంచి సమయానికి రాలేకపోయారు. పుట్టింటి చీర కప్పకుండా పాడె ఎత్తకూడదని మీరే అన్నారు. అప్పటికి భూపతి మీద ఎవరికీ అనుమానం లేదు. "నేను లేనా బావా? అక్కకు చీర నేను పెడత" అన్నాడు. అతనే కప్పాడు. నేను అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

ఆ చీర ఓదెమ్మది. తన చావుకని తమ్ముడు ముందే తెచ్చి ఇచ్చిన చీర. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. "కళకు పెట్టు బిడ్డా. నాకు ఎవలో ఒకలు తేరా?" అంటూ పెట్టెలోంచి తీసి కొడుకు చేతికి ఇచ్చింది. నేను ఆమె గడప దగ్గరే ఉన్నాను. తెలిసిన మనిషి ఆ చీర ఇవ్వదు.

ఆమె గది ఆమెకు ఉంచండి. ఆమె పోయిన రోజు చీర నేను తెస్తాను. ఆ మాట చెప్పడానికి నిన్న వెళ్లాను. తలుపు తీయలేదు. బయట నిలబడే చెప్పి వచ్చాను.