నువ్వు నింపిన తూటా

అన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం భోజనానికి బార్కస్ నుంచి వచ్చిన నీ దోస్తు యూసుఫ్ భాయ్‌తో గొడవపడ్డాను. నువ్వుంటే ఒక్క మాటతో తేలిపోయేది.

వేట బంద్ అయ్యాక మీరిద్దరూ రైఫిల్ పోటీల్లో కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు, ఆ పాత ఖోకాల్లోనే ఆయన ఇంకా తుపాకి మందు నింపుతున్నాడు. మొన్న కాలుస్తుంటే ఒకటి అడుగున చీలి వేడి గాలి చెంపను కాల్చింది. కంటికి వేలెడు దూరంలో మచ్చ పడింది. అయినా వినడు.

"గివి మీ అన్న ముట్టుకున్న ఖోకాలు. ఎట్ల పారేయాలె?" అన్నాడు.

"అన్నే ఉంటే ఎప్పుడో పారేస్తుండె భాయ్," అన్నాను.

కొన వంచిన నీ కొక్కెం తీగ తెచ్చి, ఆయన సంచిలో తెచ్చుకున్న ఖోకాల్లో ఒక్కొక్కదాని లోపల ఆయన ముందే గీశాను. అడుగు దగ్గర తీగ తట్టుకుంటే అక్కడ ఇత్తడి పలచబడ్డట్టే కదా. దాదాపు అన్నీ తట్టుకున్నాయి. మళ్లీ ఎవరూ నింపకుండా, నీలాగే పట్టకారుతో మూతులు నలిపేశాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

తర్వాత పట్టకారు నీ డబ్బాలో పెట్టబోతే, నువ్వు నింపి కాల్చకుండా ఉంచిన తూటా ఒకటి కనిపించింది. అడుగుకు కాస్త పైన చుట్టూ సన్నటి మెరుపు గీత ఉంది. ఆ గీత కనిపిస్తే నింపొద్దని మా ఇద్దరికీ చెప్పింది నువ్వే.

నింపిన దాన్ని నలపలేను, కాల్చలేను. తినకుండా లేచి వెళ్లిన యూసుఫ్ భాయ్‌కి దీన్ని ఏ మొహంతో చూపించమంటావు?